పిండి దగ్గర తిట్టకూడదు

మా బేకరీలో పోట్లాడుకోవడానికి వేరే చోటుంది. వెనక తలుపు తీస్తే ఖాళీ పిండి సంచులూ, నూనె డబ్బాలూ పడేసే సన్నటి సందు. ఎవరికి ఎవరి మీద ఒళ్ళు మండినా అక్కడికి పోయి కడిగేసుకోవాలి. లోపల, పిండి పొంగే గదిలో మాత్రం ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనకూడదు. ఇది మా అత్తగారు పెట్టిన కట్టుబాటు. "పొంగే పిండి పసిపిల్ల. తిట్లు వింటే ముడుచుకుపోతుంది" అనేది ఆవిడ. పిండికి చెవులుంటాయా అని కొత్తలో నవ్వాను. నవ్వినందుకు నన్ను ఆ సందులోకే పిలిచి దులిపేసింది. అయితే సందులో కూడా ఒక పద్ధతి ఉండేది. తిట్టేముందు "ఏమైంది?" అని ఒక్కసారి అడగాలి, చెప్పింది వినాలి. ఆ తర్వాత ఎంత తిట్టినా ఎవరూ అడ్డుపడరు.

ఆవిడ పోయాక బట్టీ నా చేతికొచ్చింది. మా ఆయనా, మరిదీ వ్యానులో రొట్టెలు దుకాణాలకి చేరవేస్తారు. ముందు గదిలో అమ్మకం మా తోడికోడలిది. దానికి నేను పెట్టిన పేరు నిదానం. ఒక్క బన్ను కాగితంలో చుట్టి ఇచ్చేలోపు కొనేవాళ్ళ ఆకలి చచ్చిపోతుంది. "కాస్త చెయ్యి కదుపవే తల్లీ" అంటే, "నిదానమే ప్రధానం అన్నారు కదక్కా" అని నవ్వుతుంది. ఆ మాట అన్నవాడెవడో గానీ ఆకలి మీద ఉండి అనలేదు.

నా సంగతంటారా, నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధంతా చెప్పుకుంటారు. ఉంటే ఉంది. ఆ ముక్కు మీదే కదా మా బేకరీ నడిచింది! మా బట్టీ గదిలో గడియారం ఉండేది కాదు. రొట్టె ఎప్పుడు తియ్యాలో ముక్కే చెప్పాలి. ముందు తడిపిండి వాసన వస్తుంది, తర్వాత పాలు కాగుతున్న వాసన, ఆ తర్వాత గింజలు వేయించిన వాసన. ఆ గింజల వాసన గుప్పుమన్న క్షణాన బట్టీ తలుపు తీసెయ్యాలి. ఎండల్లో పిండి ఒకలా ఉంటుంది, వానల్లో ఇంకోలా ఉంటుంది, కాబట్టి గడియారాన్ని నమ్ముకుంటే రొట్టె ఒకరోజు పచ్చిగా ఉంటుంది, ఒకరోజు మాడి చస్తుంది. ఈ విద్య అత్తగారి దగ్గర నేర్చుకున్నది నేనొక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, దానికి నాకు బోలెడంత గర్వం.

అలాంటి ముక్కు ఒక జ్వరానికి పోయింది. వీధిలో అందరికీ వచ్చిన జ్వరమే నాకూ వచ్చింది. అందరికీ తగ్గినట్టే తగ్గింది. లేచి బట్టీ ముందు నిలబడితే ఏమీ లేదు. వేడి గాలి మొహానికి కొడుతోంది గానీ అందులో వాసన లేదు. జలుబేమో అనుకున్నాను. కళ్ళు మండి చూద్దును కదా, గదంతా పొగ, ట్రేలో రొట్టెలు బొగ్గులు. తలుపులు తెరిచి, విసనకర్రతో పొగంతా తరిమి, బొగ్గుల్ని సంచీలో కుక్కి పారేశాను. ఎవరూ చూడలేదు.

ఎవరికీ చెప్పకుండా ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లైటు వేసి లోపలంతా చూసింది. "వాసన తెలిపే నరం దెబ్బతిందమ్మా. తిరిగి రావొచ్చు, రాకపోవచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను" అంది. చెప్పలేకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు అని నాకు చిర్రెత్తింది. ఆవిడ పాపం ఓపిగ్గా సాధన ఒకటి చెప్పింది. చిన్న సీసాల్లో లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి, గులాబీ రేకులు విడివిడిగా వేసుకుని, పొద్దునా సాయంత్రం కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ వాసన చూడాలట. రాకపోయినా ఆ వాసనని గుర్తు చేసుకోవాలట. "వాసన తగలని రోజు మిమ్మల్ని మీరు కోప్పడకండి. అది కూడా వైద్యంలో భాగమే" అంది. సీసాల మాట విన్నాను. ఆ చివరి మాట నా చెవికెక్కలేదు.

ఇంట్లో చెప్పడానికి భయం. చాలాకాలంగా మా మరిది ఒకటే పాట: "బటన్ నొక్కితే అదే కాల్చి, గంట కొట్టి పిలిచే బట్టీలు వచ్చాయి వదినా, ఒకటి తెచ్చుకుందాం." ఆ మాట ఎత్తినప్పుడల్లా సందులోకి తీసుకెళ్ళి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నా ముక్కు పోయిందని తెలిస్తే ఆ గంటల బట్టీ రావడం ఖాయం, నేను ముందు గదిలో నిదానం పక్కన కాగితాలు మడుస్తూ కూర్చోవడం ఖాయం. బట్టీ తప్ప నాకు వేరే పని రాదు. బట్టీ ముందు లేని నేనెవరో నాకే తెలియదు.

అందుకని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. జేబులో ఒక చేతి గడియారం దాచాను. అది ముట్టుకున్నప్పుడల్లా సిగ్గేసేది. రంగు చూసి, రొట్టె అడుగున వేలితో కొట్టి, చప్పుడు విని తీసేదాన్ని. మరీ అనుమానమొస్తే నిదానాన్ని కేకేసేదాన్ని. "ఏమే, ఇన్నేళ్ళ నుంచి ఉన్నావు, ఈ వాసన ఏ దశో చెప్పు చూద్దాం. పరీక్ష!" అనేదాన్ని. అది పిచ్చిమాలోకం, బట్టీ ముందు కళ్ళు మూసుకుని, తడుముకుంటూ తడుముకుంటూ బుద్ధిగా చెప్పేది. మార్కులు వేసి పంపేదాన్ని.

సాయంత్రాలు సరుకుల కొట్టులో దూరి సీసాలు వాసన చూసేదాన్ని. లవంగం సీసా మూత తీస్తే గాలి. కాఫీ సీసా మూత తీస్తే గాలి. "మొద్దుమొహమా, నీ ముక్కుని కుక్కలు కూడా ముట్టవు" అని తిట్టుకుని మూతలు బిగించేదాన్ని. తిట్టుకుంటే రోషమొచ్చి ముక్కు దారికొస్తుందని నా లెక్క. గాడిదని కొట్టినట్టు కొట్టాను దాన్ని. అది ఉలకలేదు, పలకలేదు.

అలా ఉండగా పక్కవీధి బడి నుంచి పిల్లలకి బన్నులు కావాలని అడిగారు. ఆటల పోటీలట. శ్రద్ధగా కలిపాను, శ్రద్ధగా కాల్చాను. రంగు బంగారంలా వచ్చింది. బుట్టలకెత్తి పంపించి, చాలా రోజుల తర్వాత కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మధ్యాహ్నానికి పంతులమ్మ బుట్టలు పట్టుకుని వెనక్కి వచ్చింది. మర్యాదస్తురాలు, గొంతు కూడా పెంచలేదు. "పిల్లలు నోట్లో పెట్టుకోలేకపోతున్నారండీ. అందరూ ఉమ్మేశారు. ఒకసారి మీరే చూడండి" అంది.

నిదానం ఒక బన్ను విరిచి ముక్కు మూసుకుంది. మా ఆయన వ్యాను దిగి వచ్చి ఇంకోటి విరిచాడు. నేను పిండిలోకి వాడిన నూనె డబ్బా ఎప్పటిదో, కింది అరలో ఉండి ఉండి కనరెక్కిపోయింది. ఆ కంపు గుమ్మం దాకా కొడుతోందట. నాకు మాత్రం బన్ను బంగారంలానే ఉంది.

"ఇంత కంపు కొడుతుంటే నీకెలా..." అని మా ఆయన మధ్యలో ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు.

"జలుబండీ" అన్నాను. పంతులమ్మకి చేతులు జోడించి, గబగబా లోపలికి వచ్చేశాను. తల తీసేసినట్టయింది.

ఎదురుగా కనిపించింది పిండి గది. తడిగుడ్డల కింద సాయంత్రం వాయికి పిండి పొంగుతోంది. గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గరికేసి మొదలుపెట్టాను.

"ఛీ, నీ బతుకు చెడ! పసిపిల్లల చేత కనరు నూనె తినిపిస్తావా? సిగ్గులేదూ? దద్దమ్మా, పనికిమాలినదానా! ముక్కు లేనిదానివి బట్టీ ముందు నిలబడతావేం? నిన్ను ఇంకా ఎవరు ఉంచుకుంటారు? పో, ఏ మూలనో పడి చావు!"

తలుపు ధడాలున తెరుచుకుంది. నిదానం! పరిగెత్తుకొచ్చింది. అది పరిగెత్తగా నేను చూడటం అదే మొదటిసారి. రొప్పుతూ గదంతా కలియజూసింది. పిండి బస్తాల వెనక్కి వంగి చూసింది.

"ఎవర్నక్కా అంతలా తిడుతున్నావు? ఎక్కడ దాక్కుంది పాపం?"

"ఎవరూ లేరు. నువ్వెళ్ళు."

"ఉన్నారు. నా చెవులతో విన్నాను. ఎంత తప్పు చేసినా మనిషిని చావమనకూడదక్కా. ఎవరో చెప్పు, ముందు ఆ మనిషికి గుక్కెడు మంచినీళ్ళిస్తాను."

"నేనేనే! నన్ను నేనే తిట్టుకుంటున్నాను!"

నిదానం ఆలోచించింది. దానికి ఆలోచన కూడా నిదానమే. తర్వాత వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. 

"తాగు. తాగి సందులోకి పద. తిట్టుకోవాలంటే అక్కడ తిట్టుకో. పిండి దగ్గర తిట్టకూడదు."

"నన్ను నేను తిట్టుకుంటే దానికేంటే?"

"ఎవర్ని తిట్టినా ఒకటే. నువ్వు మాత్రం మనిషివి కాదా?"

రెండు గుక్కలు తాగి గ్లాసు దాని చేతికిచ్చాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. సందులో ఖాళీ డబ్బాల మధ్య నన్ను నిలబెట్టి, తను గుమ్మంలో నిలబడింది. "ఊఁ, కానీ" అంది.

"ఒసేయ్..." అని ఎత్తుకున్నాను. ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు.

"అలా కాదక్కా. తిట్టేముందు ఏమైందని అడగాలి కదా. అడుగు."

"ఎవర్ని అడగనే?"

"ఎవర్ని తిడుతున్నావో వాళ్ళనే."

వేళాకోళమనుకున్నాను. దాని మొహం చూస్తే వేళాకోళం లేదు. సరే దీన్ని వదిలించుకుందామని, గోడకేసి తిరిగి, "ఏమైంది?" అన్నాను. అంతే. ఆ తర్వాతి తిట్టు కోసం తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేను అడగనిచ్చింది ఎక్కడ?

"నాకు వాసన రావడం లేదే" అన్నాను. "జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏమీ రావడం లేదు. వస్తుందో రాదో డాక్టరుకి కూడా తెలియదు. బట్టీ దగ్గర్నుంచి లేపేస్తారని భయమేసింది. భయమేసి ఎవరికీ చెప్పలేదు." చెబుతూ ఉండగానే ఏడుపొచ్చేసింది. డబ్బా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నిదానం కదలకుండా విన్నది. విని, "ఇంక తిట్టక్కా. ఎవరూ అడ్డుపడరు" అంది.

"ఎలా తిడతానే? పాపం, జ్వరం పడి లేచిన మనిషిని!" అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. అది గ్లాసులో మిగిలిన నీళ్ళు నా నోటికందించింది.

ఆ సాయంత్రమే మగవాళ్ళిద్దరికీ చెప్పేశాను. మా ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మా మరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గంటల బట్టీ తెద్దామన్నది నీ నడుంనొప్పి చూడలేక వదినా. నిన్ను లేపేయడానికనుకున్నావా?" అన్నాడు. అనుకున్నాను మరి! వాడి మనసులో ఏముందో నేనెప్పుడైనా అడిగితే కదా. అయినా ముక్కు ఎప్పటికీ రాకపోతే ఏం చెయ్యాలో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. "కొన్నాళ్ళు చూద్దాం" అనుకున్నాం. మర్నాడు కొత్త నూనెతో బన్నులు చేసి, బడికి నేనే మోసుకెళ్ళి, పిల్లల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఒక బుడ్డోడు తిన్నాక బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆ తర్వాత నుంచీ బట్టీ ముందు నాకు నిదానం ముక్కే దిక్కు. మొదటి వాయి మాడగొట్టాం. నేను "ఏ వాసన వస్తోందే?" అంటే, అది కళ్ళు మూసుకుని "ఆఁ... ఇదీ... ఎలా చెప్పాలబ్బా..." అంటుండగానే పొగలు లేచాయి. చెయ్యి పట్టుకుని సందులోకి తీసుకెళ్ళాను. "ఏమైంది?" అని అడిగాను. "మాట దొరకలేదక్కా" అంది. మాట దొరకనిదాన్ని ఏం తిడతాం? ఇద్దరం కూర్చుని ఆ మూడు వాసనలకీ పొట్టి పేర్లు పెట్టుకున్నాం: తడి, పాలు, గింజలు. ఒక్క మాట అంటే చాలు. నెమ్మదిగా రొట్టెలు దారిలో పడ్డాయి. జేబులో గడియారం కూడా బాహాటంగా గోడకి తగిలించాను.

సీసాల సాధన మానలేదు. కాకపోతే సరుకుల కొట్టులో దాక్కోవడం మానేసి, పిండి గదిలో కూర్చుని చేసేదాన్ని. అక్కడైతే తిట్టడానికి లేదు కదా! నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, ఇంకేదో ఒకటి అనాలి. నాకు మంచి మాటలు వెంటనే రావు, అలవాటు లేదు. మొదట్లో "సర్లే" అనేదాన్ని. తర్వాత "సర్లే, ఇవాళ రాలేదు, నీ తప్పా?" అనేదాన్ని. రానురాను కాస్త నోరు తిరిగింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట. నీ ఊరిప్పుడే బాగుపడుతోందక్కా" అని నిదానం ఆటపట్టించేది.

అన్ని రోజులూ ఇలా గడిచాయని చెప్పను. నెలలు గడుస్తున్నా సీసాల్లో గాలి గాలిగానే ఉండేది. ఒక్కోనాడు మధ్యాహ్నం బేరాలు లేనివేళ భయం వచ్చి గుండె మీద కూర్చునేది. ఇంతేనేమో, ఇక రాదేమో, అరువు ముక్కుతో ఎన్నాళ్ళు నడుస్తుంది అని. పూర్వమైతే "పిరికిముండా, లే" అని నన్ను నేను అదిలించుకునేదాన్ని. ఇప్పుడు బస్తాకి ఆనుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఏమైంది?" అని అడిగేదాన్ని. "భయమేస్తోంది" అని జవాబు వచ్చేది. "వెయ్యదూ మరి? చేతిలో పని పోతుందేమోనంటే ఎవరికి వెయ్యదు?" అనేదాన్ని. దాంతో భయం పోయేదా అంటే పోయేది కాదు. దాని పక్కన కూర్చోగలిగేదాన్ని. కాసేపటికి లేచి పిండి పిసికేదాన్ని.

ఒకరోజు ఆఖరి వాయి కాలుతుండగా మొహం తిప్పుకున్నాను. ఎక్కడో రబ్బరు కాలుతోంది. 

"నిదానం! ఏదో తగలబడుతోందే! టైరో, చెప్పో!"

అది వచ్చి నలుమూలలా వాసన చూసింది. "ఏం లేదక్కా. రొట్టెలే. పాల దశలో ఉన్నాయి."

"పాలేంటే నీ మొహం! కడుపులో తిప్పేస్తుంటే! రబ్బరు కంపు!"

"లేదక్కా" అంది. అని, నా వంకే చూస్తూ ఉండిపోయింది. నేనూ దాని వంకే చూస్తున్నాను. ఈసారి నాకంటే అదే ముందు అందుకుంది.

"అక్కా... నీకు కంపు కొడుతోంది!"

ఓరి నాయనో! నాకు కంపు కొడుతోంది! ముక్కు పుటాలు పెద్దవి చేసి పీల్చాను. వాంతి వచ్చేంత కంపు! అప్పుడే వ్యాను దిగుతున్న మగవాళ్ళకి మా అరుపులు వినబడి, నిప్పంటుకుందనుకుని నీళ్ళ బకెట్లతో పరిగెత్తుకొచ్చారు.

డాక్టరుకి ఫోను చేస్తే ఆవిడ నవ్వింది. "మంచిదేనమ్మా. నరం మళ్ళీ మొలకెత్తుతోంది. కొత్తలో అన్నీ తప్పు చెబుతుంది. సర్దుకోవచ్చు. పూర్తిగా సర్దుకుంటుందా అంటే మాత్రం ఇప్పుడే చెప్పలేను" అంది. 

ఫోను పెట్టేసి బట్టీ ముందుకి వచ్చాను. మళ్ళీ భయం వచ్చింది. బతికినన్నాళ్ళూ రొట్టె నాకు రబ్బరులాగే ఉంటే? "ఉంటే ఉండనీవే, ముందు ఇది తియ్యి" అని నాకు నేను చెప్పుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కంపు పెరుగుతోంది. పెరిగి పెరిగి ఒక్కసారిగా గుప్పుమంది.

"ఇప్పుడు!" అన్నాను.

"గింజలు!" అంది నిదానం, నా వెనకాలే.

తలుపు తీశాను. అడుగున కొట్టి చూడక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. అత్తగారు తీసినట్టు వచ్చింది. అక్కడే నిలబడి, చేతులు కాలుతున్నా ఒక రొట్టె విరిచి, ముక్క నోట్లో వేసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బకెట్టు ఇంకా చేతిలోనే పట్టుకుని మా ఆయన అడిగాడు. "ఎలా ఉందే?"

"ఘోరంగా ఉందండీ" అన్నాను, ఇంకో ముక్క తుంచుకుంటూ.